పట్టిక మూడులో ఆరో వరస

స్త్రీ. యాభై నాలుగు.
ఎడమచెయ్యి, పక్షవాతం.
వృత్తి: నూలు వడకడం.
పరికరం లేకుండా గంటకి: సున్నా.
పరికరంతో: తొమ్మిది గ్రాముల దూది.

అంతవరకే రాయనిచ్చారు.

ఆమె దాలమ్మ.
పొందూరులో, మధ్యాహ్నం రెండింటికి
ఎండ గడప దాటొచ్చి
సరిగ్గా ఆమె మోకాలి దగ్గర ఆగిపోయే ఇల్లు.
వాలుగ చేప దవడతో
గింజ మీది పత్తిని దువ్వుతారక్కడ,
పేలు దువ్వినంత పట్టుదలగా.
ఒక చేతికి గింజ, ఒక చేతికి ఎముక.
ఆ రెండో చెయ్యి
తుఫాను వచ్చిన నెలలో పడిపోయింది.

మూడు నెలలు కూచుని మేం చేసిన మొదటి బిగింపు
అల్యూమినియంది. నాలుగు మరలు, ఒక స్ప్రింగు.
అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది:
"మర బిగించడానికి రెండో సెయ్యి కావాల కదేటి, బాబూ?"

లాబ్‌లో నలుగురం.
ఎనిమిది చేతులు.
ఒక్కరికీ తట్టలేదు.

రెండోది చెక్కది, కాలి బొటనవేలితో నొక్కేది.
ఎముక జారకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టింది ఆమే.
వ్యాసంలో దాన్ని
"వినియోగదారు సూచించిన స్వల్ప మార్పు" అన్నాం.
ఆ స్వల్పం లేకపోతే
ఆరో వరసలో రెండో అంకె కూడా సున్నాయే.

సమ్మతి పత్రం రోజున
కుడిచెయ్యి చాపమన్నాను.
"ఈ సెయ్యి కోసమే కదా కాయితం. ఇదే ఎయ్యాల."
కుడిచేత్తో ఎడమ బొటనవేలిని ఎత్తి,
నిద్రపోతున్న మనవణ్ణి పక్క మార్చినట్టు,
సిరాలో అద్ది, కాగితం మీద పెట్టి
కాసేపు అలాగే పట్టుకుంది.
గీతలు అలుక్కుపోయాయి.
ముద్ర స్పష్టంగా లేదు, మళ్లీ తెమ్మంది కమిటీ.
నేను తేలేదు.
కారణం ఏం రాశానో ఇప్పుడు గుర్తులేదు.

మొదటి పత్రిక, మా పరిధిలోకి రాదంది.
రెండో పత్రిక సమీక్షకుడు అడిగాడు:
చేప ఎముక ప్రామాణిక పరికరం కాదు కదా,
ప్లాస్టిక్ దువ్వెన ఎందుకు వాడలేదు?
ఫోన్ చేసి చదివి వినిపించాను.
"ఆయన్ని ఒకపాలి రమ్మను. ఆయన సేత్తోనే దువ్విస్తాను."
నేను రాసిన జవాబు:
సమీక్షకులకు కృతజ్ఞతలు.
ఈ అంశాన్ని పరిమితుల విభాగంలో చేర్చాం.

పద్నాలుగు నెలలకి అచ్చయింది.
చదవాలంటే ముప్ఫై అయిదు డాలర్లు.
అది ఎన్ని చిలపల నూలో
లెక్క వెయ్యబోయి మానేశాను.

శనివారం, పొందూరు బస్సులో, ఒళ్లో ప్రింటు.
మొహం పడకూడదని
ఫొటోని మణికట్టు పైన కత్తిరించాం.
అయినా వేలు పెట్టి చూపించింది:
"ఈ అంచిరిగిన గాజు నాదే."
తర్వాత బొమ్మలోకి ఇంకా వంగి,
"ఇది పాతది కదా?"

లేచి వెళ్లి
వంటింట్లోంచి కత్తిపీట తెచ్చింది.
కత్తి లేదు.
కత్తి ఉండాల్సిన చోట చేప దవడ.
పీట మీద కాలు వేసి కూచుని
గింజ తరవాత గింజ
ఒంటిచేత్తో లాగుతూనే ఉంది,
నేను గ్రాములు లెక్కపెట్టడం మరిచిపోయేదాకా.

"రావులమ్మకీ ఒకటి సేసిచ్చినాను.
దానికి రెండు సేతులూ బాగానే ఉన్నాయి.
సుకంగా ఉందని, ఊరికే."

ఎన్ని వంకాయలు కోసుంటుంది మా అమ్మ
ఆ పీట మీద, నా కళ్లముందే,
ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుని, అందులో నన్ను పట్టుకుని.

చిలకపాలెం దగ్గర బస్సు ఆగినప్పుడు
సంపాదకుడికి ఉత్తరం మొదలుపెట్టాను.
మా వ్యాసంలో ఒక సవరణ, అని.
కత్తిపీటని ఇంగ్లీషులో ఏమంటారో తట్టక
బొమ్మ గీశాను.
రచయితల వరసలో ఒక పేరు కలపాలి, అని రాసి
పెన్ను ఆపాను.
పేరు వెయ్యాలన్నా సమ్మతి పత్రం కావాలి.
మళ్లీ సిరా డబ్బా. మళ్లీ వచ్చే శనివారం.
కుడిచెయ్యి చాపమని మాత్రం
ఈసారి అడగను.