వచ్చిందా, పోయిందా

పాత డబ్బా కంపెనోళ్లు
నెలకొక ఛానెల్ కోసుకుంట కోసుకుంట పోయి
ఆఖరికి తెలుగంతా "అదనం" అన్నరు.
మాకు మిగిలినవి మూడు భక్తి ఛానెళ్లు,
పగలంతా కుక్కర్లమ్మేది ఒకటి.

మార్పిద్దామని కొత్తోళ్లకు ఫోన్ చేస్తే
మొదలు తెలుగుల్నే నమస్కారం పెట్టిందామె.
పిన్ కోడు అడిగింది.
నాలుగు నాలుగు రెండు అన్ననో లేదో
గొంతాగి, పాటొచ్చి, ఇంకో గొంతొచ్చి
"నమస్కార్, బోలా" అన్నది.
బోలిన.
పుట్టినకాన్నుంచి సిరోంచల బోలుతనే ఉన్న.
తెలుగు కలిపితే నెలకు తొంభై ఆరు ఎక్కువట.
మా ఓదెలు వేళ్లమీద లెక్కేసి
"అరకిలో కోడి" అన్నడు.
వార్తలు లేకుంటే ఉండలేడు,
కోడి లేకుంటే అసలే ఉండలేడు.

నది అవతల మా చెల్లెకు అదే కంపెనీ, అదే డబ్బా,
తెలుగు ఉట్టిగనే వస్తది.
పొద్దూకితే వాళ్ల ఊరి లైట్లు
మా మిద్దె మీంచి కనబడ్తయ్.
"ఉపగ్రహానికి నది కనబడ్తదానే?" అని అడిగింది ప్రాజక్త.
దానికి కనబడది బిడ్డా, బిల్లుకు కనబడ్తది.

మూడోనాడు అహేరి నుంచొచ్చిండు దేవాజీ మడావి,
బండెనక డిష్షు కట్టుకొని.
ఇక్కడ దాన్ని ఛత్రీ అంటరు,
వానకు మాత్రమే పనిచెయ్యని ఛత్రీ.
మిద్దె మీద ఆయన, టీవీ ముంగట నేను,
నడుమ మెట్ల మీద ప్రాజక్త.
"ఆలా కా?" అంటడు.
"వచ్చిందా?" అని బిడ్డ కిందికి దించుతది.
"పోయింది."
"గేలా!" అని మీదికెక్కిస్తది.
క్వాలిటీ ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. సున్న.
జెరంత తూర్పుకు.
బోల్టు బిగించుకుంట
గోండీల తన్ను తానే ఏదో తిట్టుకున్నడు.
అరవై రెండు!
అట్లనే ఉంచు, ఊపిరి తీయకు అని ఒర్లిన,
ఏ భాషల ఒర్లిన్నో యాది లేదు.

పాత ఛత్రీ వాపసు తీసుకోరట.
మిద్దె మీద అదింకా దక్షిణం దిక్కే చూస్తున్నది,
కట్టిన పైసలల్ల నూట పన్నెండు
దాని కడుపులనే ఉండిపోయినయ్.

ఇగ నెట్టు సంగతి.
నాది జెరాక్స్ దుకాణం. నెట్టు లేకుంటే
గింజలు రాని గిర్ని.
పంచాయితీ ఫైబర్ తీగ మా గోడదాకొచ్చి రెండేండ్లు,
చుట్ట చుట్టి మొలకు ఏలాడుతున్నది,
పిట్టలు ఉయ్యాలూగుతయ్.
వాసేకర్ వైఫైకి ఆర్నెల్లది ముందే కట్టాలె,
కరెంటు పోతే వాసేకర్ ఫోను గూడ పోతది.
సిమ్ముతోని నడిచే తెల్ల డబ్బా చౌకే గని
ఆ సిమ్ము ముంగటి వాకిట్ల మహారాష్ట్ర,
ఎనక స్నానాల గోడకాడ తెలంగాణ.
బట్టలారేయబోతే స్వాగతమని మెసేజు,
బియ్యం ఏరను కూసుంటే మళ్ల స్వాగతం.
నోటుబుక్కుల గడులు గీసి అన్ని రాసిన,
ధర, స్పీడు, కట్టాల్సిన తారీకు.
ఖాళీగున్న గడిల ఓదెలు
"చూద్దాం" అని రాసి పండుకున్నడు.

తెల్లారంగనే దుర్గం లచ్చయ్య.
సాత్‌బారా కావాలె, బ్యాంకాయన పన్నెండు దాటితే లేస్తడట.
అప్పుడే చినుకు.
వార్తలు చదివేటామె ముఖం గళ్లు గళ్లుగ పగిలి
నోరు తెరిచిన కాడ్నే ఆగింది.
ఫోను పట్టుకొని ఎనక్కి పోయిన.
స్నానాల గోడ మీద, సబ్బుపెట్టె పక్కన నిలబెట్టిన.
చీరె కొంగు దానికి కప్పి
నేను తడుసుకుంట నిలబడ్డ.
అవతలి ఒడ్డు టవరు మీదికెల్లి
ఇవతలి ఒడ్డు పొలం కాయితం
గీత గీతగ దిగుతున్నది:
గట్ నంబరు, రెండెకరాల చిల్లర, పంట మిర్చి,
మరాఠీల పేరు కొంచెం వంకరపోయి లచమయ్య.

"వచ్చిందా?" లోపల్నుంచి లచ్చయ్య.
ఆగు.
"పోయిందా?"
ఆగు కాకా, సగం వచ్చింది.

ఇన్వర్టరు మీద ప్రింటు తీసిచ్చిన.
ఆయన అది చదవలేడు,
మడిచి బనీను లోపల పెట్టుకున్నడు.
ఇరవై రూపాయలంటే
ఐదొందల నోటు చూపెట్టిండు.
మిర్చి కోసినంక ఇయ్యి పో అన్న.