పట్టాలు లేని చోట

పద్నాలుగేళ్లుగా మెల్‌బోర్న్‌లో ట్రామ్ నడుపుతున్నాను.
ఎటు తిరగాలో నేను చెప్పను,
నేలలో పాతిన ఇనుము చెబుతుంది.
నా పని గంట కొట్టడం, ఆగడం, మళ్లీ కదలడం.

అలాంటి నన్ను
శ్రావణంలో ఒక ఆదివారం
ఫాల్స్ క్రీక్ కొండ మీదికి తీసుకొచ్చి
"ఊఁ, పద వకుళా" అంది నొలీన్.
అరవై మూడేళ్ల మనిషి.
డిపోలో నాకు బండి నేర్పిందీ ఆవిడే.
పాత ఎర్రకోటు, మోచేతి దగ్గర నల్ల టేపుతో అతుకు.

అద్దె బూట్లు.
ఎవరెవరి చెమటో ఆరని వాసన,
పిక్కల దాకా బిగించిన ప్లాస్టిక్.
అప్పుడే నాడాలు కొట్టించుకున్న ఎద్దులా
ఠకఠకమంటూ నడిచాను.

లిఫ్టు కుర్చీ వెనకనుంచి వచ్చి
మోకాళ్ల మడతలో తన్నింది.
కూర్చోవడం కూడా నా నిర్ణయం కాదు.
పాదాల కింద ఊగుతూ పోతున్నాయి జామాయిల్ చెట్లు.
అవును, జామాయిలే.
కాగితం మిల్లుకి లారీల్లో పోయే ఆ నిటారు చెట్టుకి
దూరపు చుట్టం,
ఇక్కడ గూనిగా, వంకరగా,
బెరడు మీద గంధం రంగూ పాచి రంగూ చారలతో,
నెత్తిన మంచుని మోస్తూ
అదేమంత పని కాదన్నట్టు నిలబడింది.

పైన గాలి.
కిందంతా తెలుపు.
పాలూ కాదు, మల్లెలూ కాదు,
గంజి పెట్టిన బట్టమీద
ఇస్త్రీపెట్టె నడిచాక మెరిసే తెలుపు.

"ముందు ఆగడం. వేళ్లు లోపలికి, మడమలు బయటికి."
పిల్లలకి పిజ్జా ముక్క అని చెబుతారట.
నేను సమోసా అనుకున్నాను.
సమోసా విడిపోయింది.
నా చెయ్యి బ్రేకు పిడి కోసం
గాలిలో తడుముకుంది.

పడ్డాను.
మెడలోంచి వీపులోకి మంచు.
ఒక స్కీ నన్ను వదిలేసి
తన దారిన తాను కిందికి పోయింది.
ఆరేళ్ల కుర్రాడొకడు "బాగానే ఉన్నావా?" అని అడిగి
జవాబు కోసం ఆగకుండా జారిపోయాడు.
పక్కనున్న కొమ్మ పట్టుకుని లేస్తే
గుప్పిట్లో ఒక ఆకు మిగిలింది.
నలిపి చూశాను.
అదే, జలుబు మందు వాసన.

రెండోసారీ పడ్డాను. మూడోసారి లెక్క మానేశాను.

"కొండని కరుచుకుంటున్నావు" అంది నొలీన్.
"భయపడి వెనక్కి వాలితే అవి నీ మాట వినవు.
లోయ మీదికి వాలు."
ఏ తల్లి కన్నబిడ్డైనా
ఒప్పుకునే మాటేనా అది?
మలుపు తిరగాలంటే
ఒక్క క్షణం, పూర్తిగా ఒక్క క్షణం,
పడిపోయే దిక్కుకేసి
ముఖం పెట్టి ఉండాలట.

మధ్యాహ్నం రెండింటప్పుడు, ఎందుకో తెలీదు,
పెట్టాను.
బొటనవేలి కింద ఏదో
గుమ్మడిపండు కోసినట్టు కసుక్కుమంది,
కొండంతా పక్కకి జరిగింది.
తిరిగానని
తిరిగాక తెలిసింది.
వెనక్కి చూస్తే మంచులో నా గీత,
ఎవరూ ముందు వెయ్యనిది,
కాస్త వంకర.

చివరి ట్రిప్పుకి నొలీన్ ఒక్కతే వెళ్లింది.
అప్పటికి మంచు గట్టిపడి
పెంకు మీద పెంకు గీసిన చప్పుడు.
కింద నిలబడి చూశాను.
ఎర్రకోటు ఎక్కడా తొందరపడలేదు.
పైనుంచి కిందిదాకా ఒకే వాక్యం రాసినట్టు దిగి
నా ముందు ఆగింది.
ఆగాక కుంటింది.

"అక్టోబరులో మోకాలు మారుస్తారు.
ఇక ఇదే" అంది
కేఫ్‌లో, చిప్స్ మీద వెనిగర్ చల్లుకుంటూ.
నేను ఉప్పు అందించాను.
కిటికీ బయట లిఫ్టు కుర్చీలు
ఖాళీగా పైకి పోయి
ఖాళీగా వస్తున్నాయి.

మంగళవారం తెల్లారకముందే పదకొండో నంబరు ట్రామ్.
తొడలు ఇంకా సలుపుతున్నాయి.
సెయింట్ జార్జెస్ రోడ్డు మలుపులో
నా ప్రమేయం లేకుండా
మోకాళ్లు వంగాయి, భుజం దిగువకి తిరిగింది.
పట్టాలు తమ పాటికి తాము తిప్పాయి.
అద్దంలో చూస్తే
వెనక సీట్లో నిద్రపోతున్న ఒకాయన కూడా
కాస్త వాలాడు.