సద్దిమూట

పొద్దున ఆరింటికి మొదటిసారి ఆన్ చేశాను.
నల్లటి తెర. పైమూలన ఒక గీత
వెలిగి, ఆరి, వెలిగి.
అంతే.

అనంతపురం, కమలానగర్, మేడమీద గది.
కింద కుళ్ళాయప్ప మోటార్ వైండింగ్ షాపు.
వార్నిష్ వాసన మెట్లెక్కి వచ్చి
నా కీబోర్డు పక్కన కూచుంటుంది.

"ఏం పాపా, మొగం అట్ల పెట్నావు?"
"బూట్ కావడం లేదన్నా."
"బూటు కాకుంటే చెప్పులేస్కో"
అని ఆయనే నవ్వి, ఆయనే ఆపి
కాలిన తీగలోకి మళ్ళీ తల వంచాడు.

గుంతకల్లు గోడౌన్ ఆఫీసులో
తొమ్మిదేళ్లు బల్లకింద దుమ్ము తిన్న మిషన్ అది.
ఏ ఊరికి ఎన్ని బస్తాల వేరుశనగ విత్తనం,
ఎవరి వేలిముద్ర అరిగిపోయి పడలేదు,
అన్నీ దాని కడుపులోనే.
ఉన్నదున్నట్టు ఇమేజిగా తీసి
నేనెన్నడూ చూడని ఒక గదిలో,
చేత్తో ముట్టుకోలేని మిషన్‌లో పోశాను.
సోమవారం పంపిణీ. ఇవాళ శనివారం.

రెండోసారి, నల్లటి తెర.
మూడు.
నాలుగోసారి దండం పెట్టి నొక్కాను,
ఎవరికీ చెప్పొద్దు.

మధ్యాహ్నం కరెంటు పోతే
కుళ్ళాయప్ప పైకొచ్చాడు నీళ్ళ బాటిల్‌తో.
"పిలిస్తే పలకదా?"
"పలుకుతోందేమో. నాకు వినపడదు."
"అయితే మాదీ మీదీ ఒకటే.
ఆర్నూరడుగుల కింద మోటరు తిరక్కపోతే
పైనుంచి ఒంగి చూస్తే ఏమొస్తాది?
పీకల్ల."

పీకాను.
డిస్కును విప్పి
బతికున్న ఇంకో మిషన్ వీపుకు తగిలించి
లోపలికి దిగాను.
ముందు దానికి నోరిచ్చాను,
సీరియల్ కన్సోల్, ఒక్క లైను.
మళ్ళీ దించాను.

పొద్దుటినుంచీ మాట్లాడుతూనే ఉందట,
లేని మానిటర్ వైపు తిరిగి.

రూట్ ఎక్కడ, అంది.
కొంచెం ఆగి, రూట్ ఎక్కడ, అంది.
ఆ తర్వాత కెర్నెల్ చేతులెత్తేసింది.

ఇల్లు చేరేదాకా కెర్నెల్‌కి
ఒక సద్దిమూట కట్టి పంపుతారు.
దారిలో కావలసిన డ్రైవర్లు అందులో ఉంటాయి.
గురువారం ఆ మూట కట్టింది నేనే.
తేలిగ్గా ఉండాలని, తొందరగా ఎక్కాలని
పాత ఇంటికి సరిపోయేవే ఉంచి
మిగతావి ఎందుకులే అని ఏరి పారేశాను.
నలభై మెగాబైట్లు తగ్గించానని
ఆ సాయంత్రం నాకు నేనే
ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు ఇప్పించుకున్నాను.
అక్కడి డిస్కును గుర్తుపట్టే కన్ను
ఆ నలభైలోనే పోయింది.

మళ్ళీ పీకడం. మూట విప్పడం.
ఈసారి అన్నీ వేసి, గట్టిగా ముడేసి పంపితే
లేచింది, సగం దాకా.
లేచి, వాకిట్లో నిలబడి ఎదురు చూస్తోంది
గుంతకల్లు బ్యాకప్ డిస్కు కోసం.
ఒక నిమిషం ముప్పై సెకన్లు.
అది ఎప్పుడో పాత సామాను లారీలో పోయింది,
దీనికెవరు చెప్పాలి?
రాకపోయినా పర్లేదు అని
ఆ పేరు పక్కన ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది.
రాసింది మద్దిలేటి సార్.
పైన తేదీ, సంతకంలా ఆయన పేరు,
ముట్టుకోవద్దు అని ఒక కామెంటు.

చెరపలేదు.
లైను ముందు చిన్న గుర్తొకటి పెట్టి
మాట్లాడకుండా చేశానంతే.

కింద డ్రమ్ము నీళ్ళలో మునిగిన మోటరు
ఒక్కసారి గుయ్యిమని ఆగింది.
"తిరిగిందా అన్నా?" అని కేకేశాను.
"ఉల్టా తిరిగింది పాపా."

మూడుంపావుకు తెర మీద
లాగిన్ అని ఒక మాట, పక్కన గీత.
వెలిగి, ఆరి, వెలిగి.
పొద్దున చూసిన గీతే.

లోపలికెళ్ళి ముందు తేదీ అడిగాను.
శనివారం, రాత్రి తొమ్మిదీ నలభై అయిదు, అంది.
ఇక్కడ ఆదివారం వచ్చేసింది,
పాల ప్యాకెట్ల ఆటో సందు తిరుగుతోంది.
గడియారం మార్చాలి.
మారుస్తా,
కాసేపుండనీ.