ఒకటిన్నర అంగుళం

నేను ముఖాల్ని కింద నుంచి చూస్తాను.
ముందు బూట్లు, తర్వాత మోకాళ్లు,
బెల్టు, బెల్టు మీదికి వాలిన పొట్ట,
గడ్డం కింద కొత్తగా పుట్టిన రెండో గడ్డం.
కళ్ల దాకా వెళ్లేసరికి
నా నోటినిండా గుండుసూదులుంటాయి,
ఏమీ అడగలేను.

హాంకాంగ్ సెంట్రల్‌లో మెట్లవీధి,
పద్నాలుగో మెట్టు పక్కన ఆకుపచ్చ రేకు పెట్టె,
ఒక కుట్టుమిషను, ఒక బల్బు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే నా కొట్టు.
నెత్తిన బ్యాంకుల అద్దాలు.
వాటి వెనక ఏం కొంటారో ఏం అమ్ముతారో నాకు తెలీదు.
ఎవరికెంత పెరిగిందో, ఎవరికెంత తరిగిందో
నా నోటుబుక్కులో ఉంది, అంగుళాల్లో.

చోయ్ లోక్‌మన్. మొదటిసారి వచ్చినప్పుడు
ఇరవై మూడేళ్లు. నడుము ఇరవై తొమ్మిదిన్నర.
అప్పు చేసి కొన్న నల్లసూటు.
కళ్లమీద పడే జుట్టుని ఊదుకుంటూ
"ఆంటీ, ఇంకొంచెం బిగించండి" అన్నాడు.
బిగిస్తాను గానీ కత్తిరించను, అన్నాను.
ప్రతి ప్యాంటుకీ వెనక కుట్టులో
దర్జీ ఒకటిన్నర అంగుళం దాచిపెడతాడు.
పెళ్లి భోజనాలకి, పిల్లలు పారేసిన అన్నానికి,
యాభయ్యో ఏటికి.
మనిషి మెల్లగా లావెక్కుతాడని నమ్మి.

మరుసటి వేసవికే ముప్పావు విప్పాను.
రాత్రి రెండింటికి డబ్బాలో నూడుల్స్ అని
అతను చెప్పలేదు. చొక్కా చేతులు చెప్పాయి.
కాలరు లోపల ఒంటిరంగు పొడి, వేలిముద్రంత.
మీటింగుకి ముందు
కళ్లకింద నలుపు మీద అద్దుకునేదట.
మగపిల్లాడికి ఇదేం సోకని నవ్వాను.
రెండోసారి ఆ మరక ఉతుకుతుంటే
నవ్వు రాలేదు.

పూన్ హోయ్‌చింగ్‌ది తిరగేసిన లెక్క.
మూడు నెలలకోసారి స్కర్టు లోపలికి, ఇంకా లోపలికి.
కోటు భుజాల మీద పొడుగాటి వెంట్రుకలు
ఒక్కొక్కటే ఏరి చుట్టగా చుట్టేదాన్ని,
ఆమె చూడకుండా.
"ఆఫీసులో అందరూ నా రంగు మెచ్చుకుంటున్నారు" అంది ఓసారి.
మంచం కింద మొలిచిన ఉల్లికాడ కూడా
తెల్లగానే ఉంటుంది.
మిషనుకి నూనె వేస్తూ ఊరుకున్నాను.
మార్చి నుంచి రాలేదు.
బూడిదరంగు స్కర్టు కొక్కేనికే ఉంది.
డబ్బులు ముందే ఇచ్చేసింది.

ఈ రాత్రి తొమ్మిదిన్నరకి, కొట్టు మూస్తుంటే, లోక్‌మన్.
చేతిలో ఆ మొదటి సూటు.
ప్రమోషనట. పొద్దున్నే ఫోటో తీస్తారట.
కలిసొచ్చిన సూటు, అదే వేసుకోవాలట.
ఫోను తీసి పాత ఫోటో చూపించాడు:
"ఇలా కనిపిస్తే చాలు."
జుట్టు నుదుటిని వదిలేసి
నడినెత్తికి మకాం మార్చింది.
ఫోటోలో కుర్రాడు ఇతని మేనల్లుడిలా ఉన్నాడు.

ప్యాంటు తిరగేశాను. కుట్టు విప్పాను.
బల్బు దగ్గర పెట్టి మళ్లీ చూశాను.
లోపల బట్ట లేదు.
పాతికేళ్ల తర్వాత తినాల్సిన బట్ట
ఇరవై ఆరుకే తినేశావు నాయనా
అనలేదు.
వేరే నల్లముక్క అతుకు వేస్తాను,
కోటు కిందకి పోతుంది, కనబడదు, అన్నాను.
"కనబడదుగా?"
రెండుసార్లు అడిగాడు.

వేసుకుని నిలబడమన్నాను.
మోకాళ్ల మీద కూర్చుని సూదులు గుచ్చుతున్నాను.
ఒకటి, రెండు.
పైన ఊపిరి మారింది.
తలెత్తి చూస్తే
రేకు గోడకి భుజం ఆనించి, నిలబడే,
నోరు కాస్త తెరుచుకుని
నిద్రపోతున్నాడు.
నిద్రలో చెంపలు జారి
ఆ ఫోటో కుర్రాడు ఓ క్షణం పైకి తేలాడు,
మళ్లీ మునిగాడు.

జేబులో ఫోను వణకడం మొదలుపెట్టింది,
సరిగ్గా నా చెవి దగ్గర.
ఆగింది. మళ్లీ.
మెట్లమీద ఎవరో నవ్వుకుంటూ దిగిపోయారు.
లేపాలి.
నోట్లో సూదులున్నాయి, ఎలా పిలుస్తాను?

నాలుగే సూదులు.
తీసేయొచ్చు.