సున్నా పలక

గేటు పక్కన నల్లబోర్డు:
ప్రమాదం లేని రోజులు రెండొందల పన్నెండు.
అంకెలు రేకు పలకలు, మూడు మేకులకు వేలాడతాయి.
రోజూ పొద్దున్నే ఎర్సీలియా వాటిని మారుస్తుంది,
పసిఫిక్ మీంచి పాకే పొగమంచులో
ఊలు టోపీ చెవులమీదికి లాక్కుని.

చిలీ సర్కారు వారి రాగి కొలిమి మాది.
గంధకం ఘాటు పెరిగితే సైరన్ మోగుతుంది.
బూటు లేసు ఊడితే జరిమానా.
మాస్కు పట్టీ సరిచూడాలంటూ
మేస్త్రీ ఓసాందోన్ వేళ్ళు
ఆమె మెడ వెనక ఆగిపోతే మాత్రం
ఏ మీటరు ముల్లూ కదలదు.

నేను చూశాను.
ఒకసారి కాదు.
హెల్మెట్ సర్దుకుంటూ కొలిమి వైపు తిరిగాను.
కొలిమిలో చూడ్డానికేముంది, మంటే కదా.

ఫిర్యాదు కాగితం మూడు ప్రతులు అడిగారు.
"గాయం ఎక్కడ?" అన్న గడిలో
మనిషి బొమ్మ, ముందు నుంచి, వెనక నుంచి.
నొప్పి ఉన్నచోట సున్నా చుట్టాలట.
ఆమె పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది.
బొమ్మ మొత్తాన్నీ కలిపి
ఒకటే సున్నా చుట్టి ఇచ్చింది.

మంగళవారం. బోర్డు మీద ఒకే పలక.
సున్నా.
షిఫ్టు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఆగిపోయారు.
"ఎవరికి తగిలింది? ఎవరు పోయారు?"
అంబులెన్సు లేదు, రక్తం లేదు.
ఓసాందోన్ పలక పీకడానికి చెయ్యెత్తాడు.

అప్పుడు క్రేను దిగి వచ్చింది ముసలి నొల్ఫా,
ముప్ఫై ఏళ్ళుగా పెదవి విప్పని మనిషి.
"నాకు," అంది. "తొంభై నాలుగులో."

అతని చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.
నేను హెల్మెట్ తీసి చేత పట్టుకున్నాను,
ఏ మాటతో మొదలెట్టాలో తెలీక.