ఒక కొమ్ము తేడా

రాస్ అల్ ఖైమా దాటి, ఖోర్ ఖ్వైర్ కాడ
ఒక దిక్కు సముద్రం, ఒక దిక్కు సున్నపురాయి గుట్టలు.
నడుమ మా కంపెనీ.
పొద్దుగూకినప్పుడు గుట్ట ఉన్నది,
తెల్లారేసరికి పిండి.

నేను సంచుల గదికి ఫిట్టర్ను.
గది అంటే గది కాదు, నాలుగంతస్తుల ఇనుప డబ్బా.
లోపల నాలుగు వందల ఎనభై గుడ్డ సంచులు
నిలువునా వేలాడుతుంటయి.
మిల్లు విడిచిన ఊపిరి వాటిల్నుంచే పోవాలె.
దుబ్బ బయట ఆగాలె, గాలి లోపలికి దూరాలె.
ఆరు సెకన్లకోసారి కంప్రెసర్ టప్పుమని దగ్గుతది.
సంచి ఉలిక్కిపడి ఒళ్లు దులుపుకుంటది.
దుబ్బ రాలి అడుగు తొట్లె పడ్తది.

నా పని వినుడు.
యంత్రం సరిగ్గ దగ్గితే
మనిషి దగ్గడు.

పగలు షమాల్ లేస్తే అందరం ఒకే రంగు,
ఫోర్‌మన్, క్రషర్ మనిషి, చాయ్ తెచ్చే పిలగాడు.
సముద్రం కూడ కానరాదు.
"అంతా ఎడారి దుబ్బే" అని రాసిపెడ్తరు రిజిస్టర్ల.
ఎడారి దుబ్బకు యజమాని లేడు,
దానిమీద నేరం మోపుడు అల్క.

సేఫ్టీ సాజన్ ఒప్పుకోలే.
త్రిస్సూరాయన, సన్నటి మనిషి, మాట ఇంకా సన్నం.
ఒక రాత్రి ప్యాకింగ్ షెడ్డుల లైట్లన్నీ ఆర్పించిండు.
"ఇక్కడ దుమ్ము లేదు కదా?"
లేదన్నం.
టార్చి తీసి పక్కనుంచి కొట్టిండు.

ఆ ఒక్క వెలుతురు గీతల
కోట్ల కోట్లు, మిడతల దండు లెక్క,
తొందర లేకుండ, ఏడికీ పోకుండ.
మేం మాట్లాడిన మాట మాటకూ
నోట్లెకు పోతున్నయి.
ఒకడెవడో నోరు మూసుకున్నడు. తర్వాత అందరం.

"కండ్లకు కానొచ్చేది ముక్కులనే ఆగుతది,
చీదితే పోతది" అన్నడు సాజన్.
"కానరానిదే లోపల కాపురం పెడ్తది."

పన్నెండో వరుస, ఏడో సంచి.
బొటనవేలి గోరంత చిల్లు.
మార్చిన.

మాస్కు పరీక్ష ఇంకో కథ.
తలకు టోపీ తొడిగి లోపలికి చేదు తుంపర కొడ్తరు.
నాలికకు చేదు తగిలితే మాస్కు ఓడినట్టు.
షేర్ జమాన్‌కు తగిలింది, మూడుసార్లూ.
గడ్డం సందుల్నుంచి గాలి దొంగలెక్క వస్తున్నది.
తీసెయ్యమన్నరు. నవ్విండు, తియ్యలే.
నాలుగు నెల్లు నీళ్లు జల్లే కాడ నిలబెట్టి
ఆఖరుకు బ్యాటరీ ఫ్యానున్న టోపీ తెప్పిచ్చిన్రు.
చేదు తగలని రోజు ఆయన మొకం చూడాలె,
పండుగు తిన్న పిలగాడు.

మొన్న ఇంటికాడికెళ్లి ఫోటో వచ్చింది.
మా బిడ్డ రెండో తరగతి నోటుబుక్కు.
*మా బాపు దమ్ములో పని చేస్తాడు.*
కింద టీచరు ఎర్ర పెన్నుతోని
ద కింద కొమ్ము పెట్టింది.
మస్తుసేపు చూసిన.
దమ్ముకు ఒక్క కొమ్ము తగిలితే దుమ్ము.
ఎవరు దిద్దినా, ఎవరు తప్పినా
నా బతుకు ఆ కొమ్ముకే వేలాడుతున్నది.

శుక్రారం రాత్రి గంగామణి ఫోన్ల.
ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు.
వెయ్యి బీడీలకు నూట యాభై తక్కువున్నయట.
మాట నడుమ దగ్గింది.
"సలి" అన్నది.
పోయిన కార్టన్ల పంపిన మాస్కులేవని అడిగిన.
"బీడీలు చేసెతందుకు ముసుగు దొంగలెక్క కూసోమంటవా?"

లైటు ఆర్పమన్న.
"ఏందీ కత?"
ఆర్పమన్న. బిడ్డను పిల్సి
చార్జింగ్ లైటు చాట పక్కన అడ్డంగ పట్టమన్న.

ఫోన్ల నాకేం కానొస్తలేదు,
చీకట్ల ఒక తెల్ల గీత, అంతే.
అటు దిక్కు మాట లేదు.
ఎప్పుడూ ఆగని కత్తెర ఆగింది.

ఎంతో సేపటికి బిడ్డ గొంతు, మెల్లగ:
"అమ్మా, నోరు ముయ్యి."