పిడి వదిలిన గొడ్డలి

గొడ్డలి తల పిడి నుంచి ఊడింది.
అంతే జరిగింది.
సింధూరపు మొద్దు మీద పడాల్సిన ఇనుము
ఎలాసా చెవి పక్కన పడింది.
అప్పటిదాకా మేమిద్దరం
అతని చెల్లెలి పెళ్లికి ఎన్ని మేకలు కావాలో
లెక్కలు వేసుకుంటున్నాం.

పరుగెత్తాను.
ప్రతి కూడలిలో ఒక పలక, దాని మీద ఒకే మాట: ఆశ్రయం.
నాకు చదువు రాదు.
ఆ గీత ఎటు వంగితే అటే నా కాళ్లు.
దారి వెడల్పుగా ఉంది, రాళ్లు ఏరేసి ఉన్నాయి,
వాగు దాటేచోట కొత్త దుంగలు పరిచి ఉన్నాయి.
నాలాంటివాడొకడు వస్తాడని
ఏటేటా ఎవరో ఊడ్చి పెట్టారు.
నా తప్పు కన్నా ముందు పుట్టిన దారి అది.

కెదెషు పెద్దలు ఊరి గుమ్మం దగ్గరే విచారించారు.
పగ ఉందా? లేదు.
నిన్నా మొన్నా మాటా మాటా పెరిగిందా? లేదు.
పిడి వదులైందని తెలుసా?
ఆ ప్రశ్నకు
కొంచెం ఆలస్యంగా లేదన్నాను.
ఆ కొంచెం ఆలస్యంలోనే
పదకొండేళ్లుగా కాపురముంటున్నాను.

తీర్పు: చావక్కర్లేదు, ఇంటికీ వెళ్లకూడదు.
ప్రధాన యాజకుడు కన్నుమూసేదాకా
ఈ ఊరే నీకు.
గోడ చుట్టూ రెండువేల మూరలు, చివర ఒక సున్నపురాయి.
రాయికి ఇవతల దయ.
అవతల యాషూబు, ఎలాసా తమ్ముడు.
ద్రాక్ష కోతలయ్యాక ఏటా వచ్చి
కత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.
న్యాయం అతని వైపే ఉంది.
అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక యాజకుడి తల్లి.
ఎనభై దాటిన ముసలమ్మ, నేనెన్నడూ చూడలేదు.
నెలనెలా గాడిదల మీద రొట్టెలు, ఉన్ని అంగీలు పంపేది,
ఇక్కడి హంతకులందరికీ.
ఎందుకో దాచలేదు కూడా.
"నా కొడుకు పోవాలని మొక్కుకోకండి నాయనా."
గాడిదలు తోలే కుర్రాడు ఆ మాటను
అంగీ కొలతలు చెప్పినట్టే చెప్పేవాడు.

నేను మొక్కుకోబోయాను.
ఆమె ఉప్పు తిన్న నోటితోనే.
నా కూతురికి పాలపళ్లు ఊడే వయసొచ్చిందని
వేళ్ల మీద లెక్కపెట్టుకున్న రాత్రి
ప్రభువా, ఆ ఒక్కణ్ణి... అనేదాకా వచ్చి
రొట్టెముక్క నోట్లో కుక్కుకున్నాను.
దేవుడు సగం మాటలు కూడా వింటాడంటారు.

నాలుగో ఏట ఒక రొట్టె రాయి మీదుగా విసిరాను.
యాషూబు ముట్టలేదు. కుక్క తింది.
ఐదో ఏట కుక్కకు సగమే పెట్టాడు.
ఆరో ఏట "ఉప్పు తక్కువైంది" అన్నాడు.
మా మధ్య అదే మొదటి మాట.
కత్తి మాత్రం ఒళ్లోనే ఉంది.

మొన్న సాయంత్రం కొమ్ము ఊదారు.
యాజకుడు పోయాడు.
వీధిలో ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
ఎవడో నవ్వబోయి దగ్గాడు.
తోలు పనివాడు ఒత్నీ
ఆమె పంపిన అంగీని మెడ దగ్గర చించుకుని
నేలమీద కూలబడ్డాడు,
సొంత అన్న పోయినట్టు.

తూచేదెవరో, ఎలా తూస్తారో నాకు తెలియదు.
ఎలాసా ప్రాణానికి నా ఏళ్లు సరిపోలేదు,
ఒక తల్లి కొడుకు పోవలసి వచ్చింది.
ఆ తట్టలో ఆమె రొట్టెలన్నీ వేశాక
ముల్లు ఎటు మొగ్గిందో
తక్కెడ పట్టిన చేతికే తెలియాలి.

ఈ ఉదయం రాయి దాటాను.
ద్రాక్ష కోతలు ఇంకా కాలేదు, అయినా యాషూబు వచ్చాడు.
గడ్డం నెరిసింది.
ధర్మశాస్త్రం ఇప్పుడు అతని కత్తికి ఒర తొడిగింది;
లేచి నిలబడి, ఏం చేయాలో తోచక
మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు.
నా మూట వైపు చూశాడు.
"ఈ నెల రొట్టెలు రాలేదా?"
"రావు."
కాసేపు ఇద్దరం ఊరివైపు చూశాం.
"పిడి వదులైందని నీకు తెలుసా?" అన్నాడు.

తెలుసు,
ఆ పొద్దున్నే తెలుసు, అన్నాను.
ఈసారి ఆలస్యం చేయలేదు.